పచ్చి రంగు

గోడను రంపంతో కోస్తుంటే మేం నలభై మంది ఆడవాళ్ళం గేటు బయట నిలబడి చూశాం. పట్టపగలే కోశారు. కోసింది కళాకేంద్రం మనుషులు, కోయించింది మా రంగుల కార్ఖానా యజమాని. కళాకేంద్రమూ ఆయనదే.

ఆ గోడ మీద ఉన్నది మాతో పనిచేసిన మా బుల్లి మొహం. బట్టలు ఎండబెట్టే గదికి మంటలంటుకున్న రోజు మరో నలుగురితో పాటు లోపలే మాడిపోయిన పిల్ల. తలుపుకు బయట తాళం ఉంది. పని మధ్యలో నీళ్ళకని బయటికి పోతున్నామని మేస్త్రీ చేత యజమాని వేయించిన తాళమది. వారం తిరక్కముందే మా బోర్డుల బాబాయి, దుకాణాలకు బోర్డులు రాసుకుని బతికే మనిషి, కార్ఖానా గోడ మీద బుల్లి మొహం నిలువెత్తున గీశాడు. రంగు మేం కొంగుల్లో దాచి తెచ్చాం. కింద బారెడు అక్షరాలతో రాశాడు: తాళం వేసిందెవరు?

రంపం సరిగ్గా ఆ మాటకు జానెడు పైన నడిచింది. మొహం లారీ ఎక్కింది, మాట గోడ మీదే మిగిలింది. మధ్యాహ్నానికల్లా దానికి సున్నం కొట్టేశారు.

నన్ను మాట్లాడమని పిలిచిన విద్యార్థి మిత్రులారా, కళకు స్వేచ్ఛ ఉంటుందా ఉండదా అని మీరు సభల్లో వాదించుకుంటారు. వాదించుకోండి, మంచిదే. మాకు ఆ వాదన యూనియన్ గదిలో, కడుపులో మంటతో జరిగింది.

"బొమ్మ వెనక్కి ఇచ్చేదాకా పనిలోకి పోవద్దు" అన్నాను నేను.

బాబాయి నవ్వాడు. అది నవ్వులా లేదు. "ఎవరి బొమ్మే? గోడ వాడిది. రంగు వాడి తొట్టిలోది. కుంచె ఒక్కటే నాది, అదీ అరిగిపోయింది. కేంద్రంలో ఉద్యోగం ఇస్తామన్నారు నాకు. పోతే తిడతారా?"

"తిట్టం బాబాయ్. చేతులు ఇక్కడ పెట్టేసి పో" అంది తొట్టి దగ్గర పనిచేసే వదిన. "వాడి తొట్టే అయితే రంగు కలిపిందెవరు? నా వేళ్ళు చూడు. చచ్చినా వదలదు."

"కలిపినవాళ్ళదే అయిపోతే ఈపాటికి కార్ఖానా మనదే కావాలి" అన్నాడు బాబాయి.

"కావాలనేగా ఇక్కడ కూర్చుంది!"

అంతా గోలగోల అయింది. అప్పుడు మూలనుంచి బుల్లి తల్లి నోరు తెరిచింది. ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం.

"గొడవొద్దమ్మా. బతికుండగా నా పిల్ల ఒక్కరోజు చల్లగా లేదు. అక్కడ ఏసీ గదిలో పెట్టారంట. వాన తగలదు. దాని ఫోటో ఒక్కటి లేదు నా దగ్గర. ఉన్నది ఆ మొహమొక్కటే. ఉండనివ్వండి."

పని మానాలన్న మాట అక్కడితో ఆగిపోయింది. నాకు మాత్రం ఆమె మీద కోపమొచ్చింది. ఒప్పుకుంటున్నాను, సిగ్గుపడుతున్నాను.

వాన మాట పెద్దమ్మ ఊరికే అనలేదు. పటిక కలపకుండా అద్దిన రంగును మేం పచ్చి రంగంటాం. తడి తగిలితే చాలు, వదిలేస్తుంది. పటిక స్టోరు గదిలో భద్రంగా ఉంటుంది, మాకు దొరకలేదు. ఊరందరి బట్టలకూ రంగు నిలబెట్టేవాళ్ళం, మా పిల్ల మొహానికి నిలబెట్టలేకపోయాం. జల్లు పడ్డప్పుడల్లా బాబాయి మళ్ళీ దిద్దేవాడు. ఈ సంగతి కేంద్రం వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు.

ప్రారంభోత్సవానికి మమ్మల్ని కూడా పిలిచారు. పని బట్టల్లోనే రావాలట. చేతులు కడుక్కోవద్దని కేంద్రం నడిపే మేడం ప్రత్యేకంగా కబురు పంపింది. పెద్దమ్మకు బొమ్మ పక్కనే కుర్చీ వేశారు. అతిథులు బొమ్మను చూసి, ఆమెను చూసి, పోలికలు వెతుక్కున్నారు. "ముక్కు తల్లిదే" అని ఒకావిడ మురిసిపోయింది. ఫోటోలతను "అమ్మా, ఇందాకట్లా ఇంకోసారి ఏడవండి" అన్నాడు.

ఒక పెద్దాయన వంగి అడిగాడు. "ఎలా పోయిందమ్మా మీ అమ్మాయి?"

"తలుపుకు తాళం..."

"ఆవిడ మాట్లాడే స్థితిలో లేరండీ" అంటూ మేడం ఆయన మోచెయ్యి పట్టుకుని పక్క బొమ్మ దగ్గరికి నడిపించుకుపోయింది.

పెద్దమ్మకు చదువు రాదు. బొమ్మ కింది పలక చూపించి "ఏం రాశారే?" అంది.

చదివాను. "ప్రమాదం. అజ్ఞాత చిత్రకారుడు. దాత, కార్ఖానా యాజమాన్యం."

ఆ అజ్ఞాత చిత్రకారుడు మా పక్కనే యూనిఫాంలో నిలబడి, పళ్ళెంలో అతిథులకు మంచినీళ్ళు అందిస్తున్నాడు. అదీ వాళ్ళిచ్చిన ఉద్యోగం.

"ప్రమాదమంటే?"

"ఎవరూ చేయకుండా దానంతటదే జరిగిందని, పెద్దమ్మా."

"ఎవరూ చేయకుండానా?"

ఆమె లేచింది. బాబాయి పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుంది. ఆయనకు అర్థమైంది. పళ్ళెం వెనక్కి తీసుకోలేదు. పెద్దమ్మ కొంగు తడిపి బిడ్డ నుదురు తుడిచింది. తర్వాత బుగ్గలు, గడ్డం కింద, బడికి పంపేముందు పిల్లల మొహం తుడిచినట్టే. ఎర్రనీళ్ళు నేల మీదికి కారాయి.

"అయ్యో, పాడైపోతుంది!" అని మేడం కేక పెట్టింది. అయిదుగురు ఆడవాళ్ళు మాడిపోయిన రోజు ఈ గొంతు లేవలేదు.

గార్డు వచ్చి పెద్దమ్మ చెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినిపించింది. అప్పుడు కదిలాం మేం, నలభై మందిమీ. దొరికిన నీళ్ళన్నీ తీసుకున్నాం. బాబాయి యూనిఫాం చొక్కా విప్పి, దాంతోనే తను గీసిన కళ్ళు తుడిచాడు.

కళాకేంద్రం ఆస్తి ధ్వంసం చేశామని కేసు. స్టేషన్లో పెద్దమ్మ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇంక నా పిల్ల మొహం ఎక్కడా లేదే" అంది. నా కొంగు చింపి ఆ చెయ్యి కదలకుండా కట్టాను.

ఇన్‌స్పెక్టర్ మెత్తగానే మాట్లాడాడు. "దుఃఖంలో తెలియక జరిగిపోయిందని రాశాను. వేలిముద్ర వేసి ఇంటికి పో."

"తెలియక కాదు బాబూ. తెలిసే చేశాను."

"మతి పోయిందా? జైలుకు పోతావ్."

"పోతాను. మీ పెద్దోళ్ళు చేసినవన్నీ ఎవరూ చేయనట్టు రాసుకుంటారు. నేను చేసింది నేనే చేశానని రాయి."

"నా పేరూ రాయండి" అని వదిన లేచింది. ఆ వెనక నేను లేచాను.

"గీసిందీ నేనే, తుడిచిందీ నేనే. రెండూ రాయండి" అన్నాడు బాబాయి.

మా అందరి పేర్లూ రాసేసరికి పొద్దు వాలింది. కబురు కార్ఖానాకు చేరింది. మర్నాడు పొద్దున కార్ఖానా కూత పడగానే మేస్త్రీ బట్టలు ఎండబెట్టే గది తలుపులు బార్లా తెరిచి పిలిచాడు. మిగతా పనివాళ్ళు మూడు వందల మంది వాకిట్లో నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు.