నిదానపు మంట

“ఆ తగలబెట్టేదేదో తొందరగా తగలబెట్టి వచ్చెయ్. నాలుగింటికల్లా అక్కావాళ్ళు వస్తున్నారు,” అన్నాడు భర్త, ఇస్త్రీ చేసిన చొక్కా ఆమె చేతిలోంచి అందుకుంటూ. అత్తగారు ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివారు. “అడవిని కాయమని జీతమిస్తే నిప్పు పెట్టడమేమిటే తల్లీ!”

వేసవి ముదరకముందే, మనం అనుకున్న రోజున, మనం గీసిన హద్దులో ఎండుటాకుల్ని కాల్చేస్తే తర్వాత కార్చిచ్చుకు మేత దొరకదని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. చెవిటివాడి ముందు శంఖమే. ఆ హడావిడిలో ఇవాళ్టి అసలు కబురు చెప్పనే లేదు. పద్నాలుగేళ్ళుగా గాలి వేగం రాసిపెట్టడం, మగవాళ్ళకు మంచినీళ్ళందించడమే ఉద్యోగమైన ఆమెకు ఇవాళ మొట్టమొదటిసారి కాగడా ఇచ్చారు. ఎప్పుడు అంటించాలో, ఎక్కడ అంటించాలో ఆమె మాటే మాట.

కొండవాలు చుట్టూ ఆకులూడ్చి, మట్టి కనబడేలా బాట తీసి ఉంచారు కూలీలు.

“కిందనుంచి అంటిద్దామమ్మా. గాలి కూడా పైకే ఉంది, గంటలో పనైపోతుంది. మూడింటికి మీరు ఇంట్లో ఉంటారు,” అన్నాడు మేస్త్రి. చుట్టాల సంగతి దారిలో ఆమే చెప్పింది మరి.

ఆ మాటకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తల ఊపబోయింది కూడా. నిజం చెప్పాలంటే అప్పుడామె కళ్ళముందున్నది కొండ కాదు, తరగాల్సిన కూరగాయలు. తొందర ఆమెకు ఎప్పుడో ఒంటబట్టిన జబ్బు. స్నానం తొందర, తిండి తొందర, నవ్వొచ్చినా సగంలో తుంచేసి పొయ్యి దగ్గరికి పరుగు. అయినా పద్ధతి ప్రకారం ముందు చాపంత చోట అంటించి చూడాలి. చూసింది. ఎగువకు పరుగందుకున్న మంట గుండెలెత్తు లేచి, లేత మొక్కొకటి క్షణంలో బుగ్గయింది. గబగబా ఆర్పేశారు.

“వద్దు. పైనుంచి, గాలికెదురుగా అంటిద్దాం.”

“సాయంత్రం దాకా పాకుతుందమ్మా అది!”

“పాకనివ్వండి.”

కొండ నెత్తిన ఆమె కాగడా వంచింది. మంట మోకాలెత్తు కూడా లేవలేదు. ఎండుటాకుల్ని తీరిగ్గా మేస్తూ కిందికి దిగసాగింది. పెద్దచెట్ల బెరడు కాస్త నల్లబడింది, అంతే. పొగకు లేచిన పురుగుల కోసం పిట్టలు మూగాయి. హద్దు బాట వెంబడి ఆమె మంటతో సమానంగా నడిచింది. వెనకనుంచి ఎవరూ తరమని నడక ఎంత బావుంటుందో! ముఖమంతా మసి, కళ్ళనిండా నీళ్ళు, ఆపుకోలేని నవ్వు. ఈసారి ఆ నవ్వును పూర్తిగా నవ్వింది.

“బలే దిగుతోందమ్మా!” అని మేస్త్రి కూడా ఒప్పేసుకున్నాడు.

మూడున్నరకు ఫోన్ మోగింది.

“ఇంకా బయల్దేరలేదా? వంట ఎవరు చేస్తారు?”

“మీరున్నారుగా.”

“నేనా! వంటింట్లో ఏది ఎక్కడుందో నాకేం తెలుసు?”

“వెతకండి, దొరుకుతాయి. ఇక్కడింకా సగం కొండ ఉంది,” అంది ఆమె, ఏమాత్రం తొందరపడకుండా. “నేను పనిలో ఉన్నాను.”