ఎలుకకివ్వని పాలపన్ను

ఆ ఏడు మా కొండల్లో వెదురు పూసింది. వెదురు పూస్తే గింజ రాలుతుంది, గింజ రాలితే ఎలుకలు దండుగా దిగుతాయి. ఈ సంగతి ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. మా అత్తగారు ఓతీలియాకి తెలియదా? తెలుసు. తెలిసీ చీపురు పట్టింది. నాకు ఇప్పటికీ కోపం అందుకే.

మా దేశంలో ఎండాకాలం మొదలయ్యేది డిసెంబరులోనే. అప్పుడు గొర్రెల్ని మేపుకి పైకి తోలుకెళ్ళాం. చలికాలమంతా మూసి ఉన్న గుడిసె తలుపు తీయగానే ఎలుకల కంపు గుప్పుమంది. నేల మీదా మంచాల మీదా పెంటికలే. నేను తలుపూ కిటికీ బార్లా తెరిచాను.

"కాసేపు గాలాడనిద్దాం అత్తయ్యా. తర్వాత బ్లీచింగ్ నీళ్ళు చల్లి తుడుస్తాను. పొడి దుమ్ము లేపితే జబ్బొస్తుందని నర్సు చెప్పింది."

"నీ బద్ధకానికి ఆ నర్సు తోడైందన్నమాట! కాపురానికొచ్చినప్పట్నుంచీ ఈ గుడిసె నేనే ఊడుస్తున్నా. నన్ను చూసి ఎలుకలు హడలిపోవాలి గానీ, ఎలుకల్ని చూసి నేను హడలిపోతానా?"

ఇంతలో నా కూతురు యాస్నా వచ్చి, ఊగుతున్న ముందు పన్నుని నాలుకతో తోసి చూపించింది. మా వైపు ఊడిన పాలపన్ను తలగడ కింద పెడితే, రాత్రి ఎలుక వచ్చి దాన్ని పట్టుకుపోయి నాణెం పెడుతుంది.

"నానమ్మా, ఇంత మురికింట్లోకి పళ్ళెలుక వస్తుందా?"

"ఎందుకొస్తుందే? దానికి మహా శుభ్రం. నా పళ్ళన్నీ పట్టుకుపోయి ఒక్క పెసో నాణెం కూడా ఇవ్వలేదు, దొంగమొహంది. నీ దగ్గర ఆ ఆటలు సాగనివ్వను. దుమ్ముకి నీకు దగ్గొస్తుంది, మీ అమ్మతో వాగుకి పో."

మేం నీళ్ళు మోసుకొచ్చేసరికి గుడిసె అద్దంలా ఉంది. పరుపులు కూడా దులిపేసింది. తల నిండా దుమ్ముతో, బోసినోటితో నవ్వుతూ గుమ్మంలో నిలబడింది.

"నీ నీళ్ళు టీకి పనికొస్తాయిలే, మహాతల్లీ!"

నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఎగిరి నానమ్మ మెడ పట్టుకుందని, కోపం దిగమింగి టీకి నీళ్ళు పెట్టాను.

కొన్ని వారాలకి, యాస్నా పన్ను ఊడకముందే అత్తయ్యకి జ్వరం వచ్చింది. గుర్రం మీద తిరిగినందుకు ఒళ్ళునొప్పులంతేనని కొట్టిపారేసింది. తర్వాత ఊపిరాడలేదు. నా మొగుడు ఎలెఉతేరియో ఆమెను గుర్రం మీద తన ముందు కూర్చోబెట్టుకుని, జారిపోకుండా దుప్పటితో నడుముకి కట్టుకున్నాడు. కదిలే ముందు ఆమె నన్ను దగ్గరకి పిలిచి ఒక నాణెం నా చేతిలో పెట్టింది.

"నేను లేనప్పుడు ఊడితే... పెట్టు. మర్చిపోకు."

అదే ఆఖరి మాట నాతో. చెబితే వినని మనిషి. ఆ మనిషి మీద నాకు ఇంత ప్రేమ ఉందని, గుర్రం మలుపు తిరిగాక గానీ తెలియలేదు.

పట్నం ఆసుపత్రిలో ఎలుకల జబ్బన్నారు. బతకలేదు. శవపెట్టెకి సీలు వేసి ఇచ్చారు, కొడుక్కి కూడా మొహం చూపించలేదు. జబ్బు అంటుకుంటుందన్న భయంతో ఇరుగుపొరుగు శ్మశానం కంచె బయటే నిలబడ్డారు. ఎలుకలే చంపాయని వాళ్ళు అనుకోవడం యాస్నా విన్నది.

ఆ పొద్దున్నే రొట్టె కొరుకుతుంటే దాని పన్ను ఊడింది. మట్టి కప్పాక కూడా గుప్పిట విప్పలేదు.

"జాగ్రత్తమ్మా, పడిపోతుంది. తలగడ కింద పెట్టుకోవాలి కదా," అన్నాను.

"పెట్టను. ఆ ఎలుకకి నేనివ్వను."

వంగి, వదులు మట్టిలో వేలితో గుంట చేసింది. పన్ను అందులో వేసి మట్టి కప్పింది.

"నానమ్మకి పళ్ళు లేవు కదమ్మా," అంది.

అత్తయ్య ఇచ్చిన నాణెం నా జేబులోనే ఉంది. అది ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.