మూడో అంతస్తు కెప్టెన్

మా ఆయన నడిపింది రెండంతస్తుల విమానం. అది ఆయనకి ఉద్యోగం కాదు, హోదా. మా తమ్ముడూ అదే కంపెనీలో కెప్టెనే. వాడు చిన్న విమానాలు నడుపుతాడు, కొత్తగా చేరేవాళ్లకి శిక్షణ కూడా ఇస్తాడు. భోజనాల దగ్గర కలిసినప్పుడల్లా మా ఆయన వాణ్ని, "ఏరా, ఇవాళ ఎన్ని ట్రిప్పులు కొట్టావు?" అని అడిగేవారు, టాక్సీవాణ్ని అడిగినట్టు. వాడు నవ్వేసి మంచినీళ్లు తాగేవాడు. వాడి ఓర్పు చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను విమానాశ్రయంలో, పోయిన సామాన్ల కౌంటర్లో పనిచేస్తాను. పొద్దస్తమానం ఎవరో ఒకరు నా మీద అరుస్తూనే ఉంటారు కాబట్టి ఇంటికొచ్చేసరికి నా దగ్గర ఓర్పు మిగలదు.

ఆ ఏడాది జనం ప్రయాణాలు తగ్గించేశారు. మా ఆయన విమానంలో పై అంతస్తుకి తాళం పడింది. కింద అంతస్తులో కూడా ఒక్కొక్కరు మూడేసి సీట్ల మీద కాళ్లు చాపుకుని నిద్రపోయేవారట. నా కౌంటర్ దగ్గర తిట్టేవాళ్లు లేక నాకే తోచేది కాదు. నాలుగు ఇంజన్లున్న ఆ ఏనుగుల్ని ఎంతకాలం మేపుతారు? కంపెనీ పెద్ద విమానాలన్నిటినీ ఇక ఆపేసింది. చివరిదాన్ని తీసుకెళ్లి, ఎక్కడో ఎండిన మైదానంలో పాతవి నిలిపే చోట వదిలి రమ్మని మా ఆయన్నే పంపింది. ఆయన ఇంకెవరో నడిపే విమానంలో, వెనక వరసలో, మధ్య సీట్లో కూర్చుని తిరిగొచ్చారు. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు నిజంగానే జాలేసింది. ఒకరోజు నేను కుళాయి సరిగ్గా కట్టడం లేదని పాఠం మొదలుపెట్టారు, అప్పుడు మనిషి కోలుకున్నారని అర్థమైంది.

కోలుకుని ఏం లాభం, చిన్న విమానం నేర్చుకుంటేనే ఉద్యోగం అన్నారు పైవాళ్లు. సిమ్యులేటర్ అని, నేల మీదే ఉండి విమానంలా ఊగే గది ఒకటుంది, పరీక్ష అందులో. ఆయనకి అన్నీ వచ్చాయి, ఒక్క దిగడం తప్ప. చక్రాలు నేలకి తగలబోయే ముందు విమానం ముక్కు కాస్త ఎత్తాలి. ఈయన నేల ఇంకా కిందెక్కడో ఉండగానే ఎత్తేస్తున్నారు. విమానం కాసేపు గాల్లో తేలి, వేగం చచ్చి, ధబేలుమని పడుతోంది. రెండు పరీక్షలూ అలాగే పోయాయి. మూడోది కూడా పోతే టోపీ తీసి ఇచ్చేసి ఇంట్లో కూర్చోవడమే. ఆయన వయసుకి, ఆ రోజుల్లో, ఇంకో కంపెనీ గుమ్మం కూడా ఎక్కనిచ్చేది కాదు.

తమ్ముణ్ని అడగండి అంటే మొహం తిప్పుకున్నారు. నువ్వైనా చెప్పరా అంటే, బావ అడక్కుండా తగుదునమ్మా అని వెళ్తే ఆయన మనసు నొచ్చుకుంటుందన్నాడు వాడు. ఇద్దరి మర్యాదా నా ప్రాణానికి వచ్చింది. ఒక సాయంత్రం వాణ్ని ఇంటికి పిలిచి, బావాబావమరుదులిద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి, ఎవరో ఒకరు అసలు విషయం మాట్లాడేదాకా స్టవ్ వెలిగించనని చెప్పాను. కట్టేసిన టీవీని ఇద్దరూ చాలాసేపు శ్రద్ధగా చూశారు. ఆకలికి మా ఆయనే ముందు లొంగారు.

"నాకు నేల ఎక్కడుందో తెలియడం లేదురా," అన్నారు.

ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేశాను.

తమ్ముడు నవ్వలేదు. బావ చెయ్యి పట్టుకుని మా బాల్కనీలోకి తీసుకెళ్లాడు. మాది మూడో అంతస్తు. అదే బిల్డింగులో వాడిది మొదటి అంతస్తు.

"ఇక్కణ్నుంచి రోడ్డు చూడు బావా," అన్నాడు. "పెద్దదాని చక్రాలు నేలకి తగిలేటప్పుడు నీ కళ్లు ఇంచుమించు ఇంత ఎత్తులో ఉంటాయి. ఇన్నేళ్లూ నువ్వు చూసిన నేల ఇదే. ఇలా కనబడగానే నీ చెయ్యి దానంతటదే ముక్కు ఎత్తేస్తోంది. చిన్నదాంట్లో ఇంకో రెండంతస్తులు దిగాలి. చేతకాక కాదు, అలవాటు."

కళ్లు నెత్తికెక్కాయని నేను ఆయన్ని ఎన్నోసార్లు తిట్టాను గానీ, మూడో అంతస్తుకి ఎక్కి కూర్చున్నాయని నాకేం తెలుసు?

మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి మా ఆయన తమ్ముడి బాల్కనీలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బళ్లని కన్నార్పకుండా చూసేవారు. అప్పుడప్పుడు, ముక్కు ఎత్తబోతున్నట్టు, చెయ్యి వెనక్కి లాగేవారు. పక్కనే నిలబడిన తమ్ముడు, "ఇంకా లేదు బావా, ఇంకా లేదు," అనేవాడు. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేకుండా పోయిందని మరదలు సణిగింది. నేను మొగుణ్ని ఇంట్లోంచి గెంటేశానని బిల్డింగంతా చెప్పుకున్నారు. చెప్పుకోనీ అని ఊరుకున్నాను. రాత్రి భోజనానికి పైకొచ్చినప్పుడు మాత్రం, ఈసారీ పోతే ఏం చేస్తావని నన్ను అడిగేవారు. ఏం చేస్తాను, మా కౌంటర్లో పెట్టుకుంటాను అనేదాన్ని.

మూడో పరీక్ష పాసయ్యారు. కాస్త గట్టిగా తగిలింది గానీ తగలాల్సిన చోటే తగిలిందని పరీక్షించినాయన అన్నాడట.

చిన్న విమానంతో ఆయన నిజంగా ఎగిరిన మొదటి రోజు, ఆయనకి చెప్పకుండా సెలవు పెట్టి అదే విమానం ఎక్కాను. కిటికీ పక్క సీటు. దిగేటప్పుడు నేల పైకి వస్తోంది. ఇళ్లు పెద్దవయ్యాయి, కంచె దాటింది, మా బాల్కనీ ఎత్తు కూడా దాటిపోయింది. ముక్కు ఎత్తలేదు. నేను సీటు చేతిని పట్టుకుని, ఇంకా లేదు, ఇంకా లేదు అనుకున్నాను. అప్పుడు, చాలా కిందికొచ్చాక, నెమ్మదిగా ఎత్తారు. చక్రాలు నేలని గుద్దాయి. నెత్తి మీది సామాన్ల అరలన్నీ గడగడలాడాయి.

పక్క సీట్లో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఏమ్మా, ఈ పైలట్ కొత్తవాడా ఏంటి?" అన్నాడు.

నాకు కన్నీళ్లు ఆగడం లేదు.

"అవునండీ, కొత్తాయనే," అన్నాను. "మా ఆయన."