నడిమిల్లు

ఇల్లు కొనేవాడు మొదటిసారి బ్రోకరుతో పోకూడదు. ఒంటిగా పోవాలి. కొళాయికి నీళ్ళొచ్చే వేళకు పోయి, బిందెలు వరసలో పెట్టుకున్న ఆడవాళ్ళ పక్కన నిలబడితే చాలు. ఏ గోడ చౌడెక్కిందో, ఏ మిద్దె కారుతుందో, ఇంటాయన నాలుక ఎంత పొడవో అంతా తెలిసిపోతుంది. చిత్తూరులో నాకు చిన్న మామిడి మండీ ఉంది. కాయ కోసి చూడకుండా బండి దించుకోను. ఇల్లైనా అంతే.

తిరుపతిలో అలిపిరికి పోయే దోవలో మూడు వరస ఇండ్లు అమ్మకానికి ఉన్నాయని బ్రోకరు దొరస్వామి చెప్పినాడు. మూడింటికీ బాడుగ వస్తుంది, ముసలితనానికి ఆధారం అన్నాడు. అమ్మేది వెంకటముని అన్నాడు. ఆ పేరు వినగానే నాకు మిగతాది అక్కరలేకపోయింది. ఆ మూడింట్లో నడిమింట్లో తొమ్మిదేండ్ల కిందట నేను, నా పెండ్లాం చంద్రకాంతమ్మ బాడుగకు ఉంటిమి. ఆమె ఆ ఇంట్లోనే పోయింది. దొరస్వామికి ఈ సంగతి చెప్పలేదు. బ్రోకరుకు చెప్పిన కష్టం ధరలో కలుస్తుంది.

నేను పోయినప్పుడు నడిమింట్లో ప్రేమానందం అనే ఆస్పత్రి వార్డుబాయి, వాని పెండ్లాం ఉన్నారు. కిరస్తానీలు. ఇల్లు చూడవచ్చినానంటే లోపలికి పిలిచి స్టూలు వేసినారు.

"బాడుగెంత?" అన్నాను.

"పక్కిండ్ల కంటే తక్కువేన్నా. ఈ ఇంట్లో ఎవురో ఆడమనిషి ధనిష్ఠలో పోయిందంట. అప్పుట్నించి ఎవురూ చేరలా. మా ప్రభువుకు నచ్చత్రాలు పట్టవు. మాకు బాడుగ కలిసొచ్చె," అని ప్రేమానందం నవ్వినాడు.

"నా పేరు తిరుమలమ్మ, మొక్కేది ఏసుకు," అనింది వాని పెండ్లాం. "నేను ఏ పక్కదాన్నో తేల్చుకోలేక ఆ దయ్యం గమ్మునుండాది."

చంద్రకాంతమ్మ దయ్యమై ఉంటే, ఆ మూల పేర్చిన అంట్ల గిన్నెలు చూసి గమ్మునుండే మనిషి కాదు.

వెనక వాకిలి తెరిచే ఉంది. ఆ గడప దగ్గర ఆమె పొద్దుగూకేటప్పుడు చాట పెట్టుకుని కూర్చునేది. బియ్యం ఏరడం చేతుల పని. కండ్లు కొండ మీద. మెట్లదోవ దీపాలు వెలిగేదాకా లేచేది కాదు. ఆకలంటే, "కొండమీద ఆయప్పకే ఇంకా నైవేద్యం కాలా, నీకేం తొందర?" అనేది. వెంకటముని గోడకు మేకు కొట్టనిచ్చేవాడు కాదు. ఆమె జడపిన్నీసు గుచ్చి దానికి క్యాలెండరు తగిలించింది. "ఇది మేకు కాదు. అడిగితే నువ్వే చెప్పు," అనింది.

ఆఖరి దినం ఆమెను చాప మీదికి దించింది ఆ గడప దగ్గరే. ఇప్పుడు అక్కడ బొగ్గుల మూట ఉంది.

అయ్యవారు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నాడు. ఇల్లు ఆరు నెలలు మూయాలన్నాడు. వెంకటముని వీధికి అవతల నిలబడి, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా సామాను బయట వేయించినాడు. వాకిలికి తాళం, తాళం మీద ముళ్ళకంప. ప్రాణం పోయిన చోట కర్మదినం దాకా దీపం ఆరకుండా పెట్టాలి. ఆ చోటు తాళం లోపల ఉండిపోయింది. నేను దీపం, తలదాచుకున్న సత్రం అరుగు మీద పెట్టినాను. ఆమె పోయింది అరుగు మీదా? ఆ దీపం ఎవరికో పెట్టినట్టే ఉండింది. ఇన్నేండ్లయినా అట్లాగే ఉంది.

నాకు ఆ గడప కావాలి. మూడిండ్లూ కొంటేగాని అది రాదు.

నేను లేచేటప్పుడు తిరుమలమ్మ గొంతు తగ్గించింది. "కొనేటట్టుంటే ఆ సావు మాట ఇంటాయన మొగాన అడుగన్నా. మదనపల్లె ఆయప్పొకడు అది ఇనే పారిపాయ. నువ్వు దాన్నే పట్టుకో, సగానికి దిగుతాడు."

చేయవలసినవన్నీ చేసినాను. తాళంచెవితో గోడ గీకి చూసినాను. మిద్దె మీద బిందెలతో నీళ్ళు పోయించి కింద నిలబడినాను. బావినీళ్ళు తాగి చూసినాను. రిజిస్ట్రారు ఆఫీసులో విల్లంగం కాగితం తీయించినాను. ఇంటి మీద అప్పు లేదు, తాకట్టు లేదు. ఊర్లో మెట్ట చేను అమ్మిన డబ్బు తీసుకుని, దొరస్వామితో చిత్తూరు కోర్టు వెనక ఉన్న వెంకటముని ఇంటికి పోయినాను. తమలపాకుల మీద అడ్వాన్సు పెట్టి ఆయన ముందుకు జరిపినాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. బాడుగకుండేవాళ్ళకు మొగాలుండవు. ఆ దినాల్లో నన్ను నడిమింటోడా అని పిలిచేవాడు.

"గోడలు చౌడెక్కినాయి," అన్నాను.

"సున్నం కొట్టు, పోతాది."

"మిద్దె కారతాది."

"ఈ సీమలో వానలు యాడుండాయప్పా కారేదానికి?" అన్నాడు. దొరస్వామి కూడా నవ్వినాడు.

"సరే. నువ్వడిగిన ధరే ఇస్తా. తగ్గించొద్దు. నడిమింట్లో ఎవురు పోయినారో చెప్పు."

దొరస్వామి నవ్వు ఆగిపోయింది. "ఇదేం బేరమన్నా?"

వెంకటముని తాంబూలం మీదినుంచి చేయి తీసినాడు. "ఎవురు చెప్పినారు నీకు? ఆ ప్రేమానందమా?"

"ఎవురూ చెప్పలా. ధర కోసం అడగడం లేదు నేను. పేరు గుర్తు లేకపోయినా పరవాలేదు. ఒక ఆడమనిషి పోయిందని చెప్పు, చాలు."

ఆయన నన్ను నమ్మలేదు. ఆయన జాగాలో ఉంటే నేనూ నమ్మను. లేచి, కొండ ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించినాడు.

"ఏడుకొండలవాడే సాచ్చి. ఆ ఇంట్లో పిల్లి కూడా సావలా."

నేను నోరు తెరిస్తే సరిపోయేది. ఆ పోయినామె నా పెండ్లాం అంటే సగం ధరకు ఇచ్చి, కాళ్ళు కూడా పట్టుకునేవాడు. చౌడు, కారే మిద్దె, వాటి తర్వాత చంద్రకాంతమ్మ. ఆ వరసలో ఆమెను పెట్టలేకపోయినాను. అడిగిన ధర ఇచ్చి గమ్మున కొనుక్కోవచ్చు. కానీ ఎవరూ పోలేదని దేవుని మీద ఒట్టు పెట్టి అమ్మిన ఇంట్లో నేను దీపం ఎవరికి పెట్టేది?

నోట్లు తీసుకున్నాను. ఆకులు అక్కడే వదిలేసినాను. ఇచ్చిన తాంబూలం మీది డబ్బు వెనక్కి తీస్తే వంశానికి మంచిది కాదని వెంకటముని అరుగు మీదికి వచ్చి మరీ చెప్పినాడు. నాకు వంశం లేదని చెప్పినాను.

ఆర్కోణం బట్టల వ్యాపారి ఒకడు ఆ మూడిండ్లూ కొన్నాడు. పడగొట్టి యాత్రికులకు లాడ్జి కట్టినాడు. ప్రేమానందం వాళ్ళు యాడికి పోయినారో తెలియదు. పునాదులు తీసే దినాల్లో ఒకసారి పోయి నిలబడినాను. ఏ గుంట ఏ ఇల్లో తెలుసుకోలేకపోయినాను. మేస్త్రీ ఏం కావాలని అడిగినాడు. ఏమీ అక్కరలేదన్నాను.

దొరస్వామి ఇప్పటికీ నాకు ఇండ్లు చూపిస్తాడు. నేనూ పోతాను, తాళంచెవితో గోడ గీకుతాను, విల్లంగం తీయిస్తాను, వద్దంటాను. పోయిన మంగళవారం కొర్లగుంటలో ఒక ఇల్లు చూసి బయటికి వస్తుంటే వానికి విసుగొచ్చింది.

"దీనికేం తక్కువన్నా? చౌడు లేదు, కారేది లేదు. ఎవురూ సావను కూడా లేదు."

"అదే తక్కువ," అన్నాను.

వానికి అర్థం కాలేదు. పై వారం ఇంకొకటి చూద్దామన్నాడు. సరే అన్నాను.