బేబి ఇంట్లో హార్డ్‌డిస్కు

నా భార్య సోని చనిపోయి పద్నాలుగు నెలలైంది. ఆమెతో నేను చెప్పిన ఆఖరి మాట అబద్ధం.

ఆసుపత్రి మంచం మీద ఆమె తన ఒంటి సంగతి అడగలేదు. "రెండు డిస్కుల్లోనూ కాపీ సేసినావా?" అంది. చేశానన్నాను. "తెరిసి సూసినావా?" చూశానన్నాను. కళ్లు మూసుకుంది.

డుంబ్రిగుడ సంత రోడ్డులో నాకు జిరాక్సు, ఫొటోల కొట్టు ఉంది. మాది కింద ఎస్.కోట వైపు పల్లె. సోనిది కొండ మీద పనసగుడ. ఆ ఊరివాళ్లు పోడు భూములకు పట్టాల కోసం దరఖాస్తులు పెట్టుకున్నప్పుడు, ఏ నేల ఎవరి తాత సాగుచేశాడో, ఏ బండ దగ్గర హద్దో ముసలివాళ్ల చేత చెప్పించి వీడియోలు తీయాలని పట్టుబట్టింది ఆమే. ఆ ముసలివాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. వాళ్లు పోయినా మాట ఉండాలన్నది.

విశాఖపట్నం నుంచి రెండు హార్డ్‌డిస్కులు తెచ్చింది. ఒకటి కొట్లో, ఒకటి పనసగుడలో చెల్లెలు బేబి ఇంట్లో. పనసగుడవాళ్లు సామ విత్తనం ఒక్క ఇంట్లో దాచరు. ఇల్లు తగలబడితే విత్తనం కూడా పోతుందని సగం పుట్టింట్లో ఉంచుతారు. చల్లే ముందు గుప్పెడు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తారు. వీడియోలకూ సోని అదే పద్ధతి పెట్టింది. బేబి ప్రతి సంతకీ తన డిస్కు తేవాలి. కొత్త వీడియోలు ఎక్కించి, అందులో ఒకటి తెరిచి చూసి, తిరిగి ఇవ్వాలి. కొట్లో డిస్కు కూడా కాపీ అవగానే వైరు తీసి పెట్టెలో పెట్టాలి.

"మీ కొండోళ్ల సాదస్తం. కంపూటరుకి పురుగు పడతాదేటి?" అన్నాను ఒకసారి.

"పురుగు పడదు. నీలాటి మొగుడు పడతాడు," అంది.

ఆమె మంచాన పడ్డాక ఆ పని నాకు వచ్చింది. నేను వైరు తీయలేదు. కొట్లో డిస్కు ఎప్పుడూ కంప్యూటరుకే వేలాడేది. బేబి తెచ్చిన డిస్కులో, సంతకొచ్చేవాళ్ల ఫోన్లలోకి ఎక్కించడానికి సినిమాలు పోశాను. చోటు చాలలేదు. వీడియోలు చెరిపాను. ఏం చెరుపుతున్నానో తెలిసే చెరిపాను. కొట్లో ఇంకొకటి ఉంది కదా, తీరిగ్గా మళ్లీ ఎక్కిస్తాననుకున్నాను. ఆ డిస్కునే బేబి చేతిలో పెట్టి పంపాను. సోని నన్ను అడిగింది ఆ వారమే.

ఆమె పోయాక బేబి సంతకి డిస్కు తేవడం మానేసింది. నేనూ తెమ్మనలేదు. ఈ వేసవిలో పిడుగు పడింది. కంప్యూటరు, దానికి వేలాడుతున్న డిస్కు ఒక్కసారే పోయాయి. ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆషాఢంలో పనసగుడ నుంచి గాసి వచ్చాడు. సోనికి తమ్ముడి వరస.

"బావా, మా భీముడు తాత వీడియో కావాల. బుధవారం పట్టా విచారణ. ఎకరన్నర కాఫీ తోట. నానిప్పుడు కొత్తగా అడివి కొట్టినానంట! తాత మాట ఇంటే మరి నోరెత్తరు."

భీముడు పోయిన సంవత్సరమే చనిపోయాడు.

"పిడుగుకి పోయింది," అన్నాను.

గాసి నవ్వాడు. "పోతే పోనీ. బేబి ఇంట్లో ఇంకోటుంది గదా. అక్క ఊరందరికీ సెప్పింది. పద, బేగి."

అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. కొత్తగా కొన్న లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని అతని బండెక్కాను. దారంతా అతను తోటలో మిరియం తీగ ఎంత ఎత్తు పాకిందో చెబుతూనే ఉన్నాడు.

బేబి పొయ్యి మీద వేలాడే విత్తనాల బుట్ట దించింది. సామల మధ్య నుంచి మసిపట్టిన మూట తీసింది.

"అక్క సెప్పినట్టే ఉంచినాను బావా. పిల్లగుంటల సెయ్యి తగలనియ్యలేదు."

డిస్కు తగిలించాను. వరసగా సినిమాల పేర్లు. తెర నా వైపు తిప్పుకున్నాను.

"పాడైంది. పొగకి," అన్నాను.

బేబి చూరుకేసి, పొయ్యికేసి చూసింది. "నాను సెడగొట్టినానా? అక్క పని నా సేతులారా..." కింద కూలబడింది.

"ఊరుకోయే, నువ్వు కావాలని సేసినావా?" అన్నాడు గాసి.

ఆమె మూట విప్పిన గుడ్డలు ఏరుకుంది. మూడు మడతలు. పై గుడ్డ నల్లగా ఉంది. రెండోది పసుపుబారింది. లోపలిది వెలుగుకి పట్టి చూసింది. తెల్లగా ఉంది.

"పొగ లోనకి ఎల్లలేదు గదా బావా?" అంది. నన్ను అనుమానించి కాదు. తెలియక అడిగింది.

తెర వాళ్ల వైపు తిప్పాను.

గాసి పేర్లు చదివాడు. "ఇయ్యి సినిమాలు."

"నేనే పోశాను. సోని బతికుండగా. చెరిపిన చోట ఇవి నిండిపోయాయి. ఇక ఎవడూ తీయలేడు."

గాసి జాబితా చివరిదాకా కిందికి జరిపి చూశాడు. తర్వాత, "తాత సెప్పినపుడు కెమెరా పట్టుకున్నది నువ్వే గదా. ఇన్నావు గదా. ఏ బండ సెప్పినాడు? ఏ గెడ్డ? అదే సెప్పు, నాను రాసుకుంతాను," అన్నాడు.

గుర్తు చేసుకున్నాను. భీముడి బోసినోరు. ఏదో చూపిస్తూ ఎత్తిన చెయ్యి. నేను కెమెరాలో బ్యాటరీ ఎంతుందో చూస్తున్నాను. ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు.

"గుర్తులేదు."

"సినిమా కతలైతే గురుతుండును," అంది బేబి.

బుధవారం గాసితో విచారణకు వెళ్లాను. వీడియో నేనే చెరిపానని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అధికారి చదివి, ఇది నీ మీద సాక్ష్యమే గాని భూమికి సాక్ష్యం కాదన్నాడు. ఇంకో పెద్దమనిషిని తేవడానికి నెల గడువిచ్చాడు.

పెదబయలు వైపు ఇచ్చిన భీముడి చెల్లెలు బతికే ఉంది. గాసి ఆమెను బండి మీద తన వీపుకి కట్టుకుని తెచ్చాడు. కెమెరా నేను పట్టుకున్నాను. తెల్లబండ నుంచి ఈతమాను గెడ్డ దాకా, అంది. ఆ వాగు అవతల సంగతి అన్నకే తెలుసు, తనకు తెలియదంది. అవతలిది ముప్పాతిక ఎకరం. తీర్పు ఇంకా రాలేదు.

ఇప్పుడు సంతనాడు బేబి రాదు. కాపీ చేసిన డిస్కు నేనే పట్టుకెళ్తాను. లోపలికి రానివ్వదు. గడప అవతల నిలబడి, "మొలక సూపించు," అంటుంది. లాప్‌టాప్ అరుగు మీద పెట్టి వీడియో తెరుస్తాను. ఆమె ముసలమ్మ మాట చివరిదాకా వింటుంది. నేను మధ్యలో వైరు మీద చెయ్యి వేస్తే, "ఇను," అంటుంది.