ఎప్పుడూ కొట్టే మూల

పెనాల్టీ ఇచ్చారని గ్రౌండంతా ఈలలు వేస్తుంటే, ఇస్తారికి మాత్రం ఆ బంతి మీదే తల పెట్టి పడుకోవాలనిపించింది. రాత్రంతా మేడ్చల్‌లో కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ. పొద్దున దేవరయాంజాల్‌లో ఇంటికెళ్లి ఇంత జొన్న గట్క తిన్నాడో లేదో, మళ్లీ ఈ ఎండలో ఆట. నలభైకి దగ్గరపడ్డ మనిషిని ఇంకా ఆడించడమేమిటని భార్య బాలమణి మొత్తుకుంటూనే ఉంది. ఊళ్లో పదకొండో మనిషి దొరకకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది!

"అన్నా, నువ్వే గొట్టాలె," అన్నాడు కెప్టెన్ ధర్మేందర్. "రెండు జట్లు సమానంగున్నయ్. గిది వడ్తే కప్పు మనదే."

"నువ్వే గొట్టుకోరాదు. నాతోని కాదురా."

"నీ లెక్క సూటిగ గొట్టేటోడు మనూర్ల ఎవడున్నడే?"

కొట్టడం పెద్ద పనేం కాదు. ఎదురుగా గోల్‌పోస్టులో నిలబడ్డవాడితోనే చిక్కంతా. వాడు లింగం, ఇస్తారి తోడబుట్టిన తమ్ముడు. పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇప్పుడు అక్కడి జట్టుకే ఆడుతున్నాడు. అన్నదమ్ములకు మాటల్లేక నాలుగేళ్లు.

ఇద్దరికీ కలిపి ఒక ద్రాక్షతోట ఉండేది. షామీర్‌పేట వైపు భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజుల్లో లింగం తన వాటాను ప్లాట్లవాళ్లకు అమ్మేశాడు. బోరు ఆ వాటాలోనే ఉంది. నీళ్లు పోయాయి, పందిళ్ల మీద తీగలు ఎండిపోయాయి, ఇస్తారి చేతికి వాచ్‌మన్ కర్ర వచ్చింది. "నిన్ను నమ్మి చెడిపోయిన," అన్నాడు అన్న. "నువ్వు నన్ను ఎన్నడన్న నమ్మినవానే?" అన్నాడు తమ్ముడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా!

కోపం ఏనాడో చల్లారింది. మిగిలింది పంతం. దాన్ని మోసి మోసి ఇస్తారి అలసిపోయాడు. ఇవాళ ఆట అయ్యాక వాడు ఒక్క మాట మాట్లాడితే చాలు, తను పది మాట్లాడతాడు. ఆ ఆశతోనే నిద్ర మానుకుని వచ్చాడు.

చిన్నప్పుడు పశువుల కొట్టం ముందు రెండు రాళ్లు పెట్టి ఆడేవాళ్లు. ఇస్తారి కొట్టేవాడు, లింగం ఆపేవాడు. ఇస్తారి ఎప్పుడు కొట్టినా తన కుడి మూలకే. ఊరి జట్టులో కలిసి ఆడినన్నాళ్లూ లింగం ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. అది వాళ్ల ఇంటిగుట్టు.

ఇప్పుడు కుడి మూలకు కొడితే లింగం ఇట్టే పట్టేస్తాడు. కప్పు పోతుంది, ఊరు దుమ్మెత్తి పోస్తుంది. ఎడమకు కొడితే గోలే, కానీ అన్న చేతిలో తమ్ముడు మోసపోయినట్టే. ఇస్తారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

రిఫరీ ఈల వేశాడు. ఎత్తులకు పైఎత్తులు వేసే ఓపిక ఇస్తారికి లేదు. పడితే పట్టనీ, వాడే గెలవనీ అనుకున్నాడు. పరుగెత్తి, ఎప్పుడూ కొట్టే మూలకే కొట్టాడు.

లింగం రెండో పక్కకు దూకాడు.

బంతి వెళ్లి వలలో పడింది. కుర్రాళ్లంతా వచ్చి ఇస్తారి మెడకు వేలాడారు. గెలిచిన సంతోషం అతనికి ఇసుమంతైనా లేదు. తమ్ముడు దూకిన పక్కకే చూస్తూ నిలబడ్డాడు. తను పాత మూలకే కొట్టాడు, వాడేమో అన్న మోసం చేస్తాడనే అనుకున్నాడు. కుర్రాళ్లను విదిలించుకుని గోల్‌పోస్టు వైపు నడిచాడు.

లింగం ఇంకా దుమ్ములోనే కూర్చుని ఉన్నాడు. మోచేయి దోక్కుపోయింది.

"గా మూలకే గొడ్తవని నాకు ఎర్కనే," అన్నాడు తలెత్తకుండా. "నమ్మలేకపోయిన."

నాలుగేళ్లకు వచ్చిన మాట అది. ఇస్తారి వంగి, లేవమని చెయ్యి అందించాడు. లింగం ఆ చేతిని చూశాడు, తర్వాత అన్న కాళ్లను చూశాడు.

"నేను లేస్త గానీ, నీ మోకాళ్లు వణుకుతున్నయ్," అన్నాడు. "ముందుగాల నువ్వు కూసో, అన్నా."

ఇస్తారి ఆ దుమ్ములో తమ్ముడి పక్కన కూలబడ్డాడు.