ఐదు మీద తిరిగే ఫాను

మా బావ తవిటయ్య మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాడి మీద కోపమేమిటని మా అమ్మ తిడుతుంది. తిట్టనీ.

విశాఖలో సముద్రపు గాలికి ఫ్రిజ్‌లు తొందరగా తుప్పు పడతాయి. బావ వాటిని గీకి, పుట్టీ పెట్టి, స్ప్రే గన్నుతో తెల్లరంగు కొట్టి కొత్తవాటిలా చేసి ఇచ్చేవాడు. జ్ఞానాపురంలో ఇంటి వెనక రేకుల గదిలోనే పని. ఆ రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే చాలు, పోర్టు వైపు నుంచి ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి పడేది. ఆరేసిన పంచెల్నీ, కాచిన పాలనీ దేన్నీ వదిలేది కాదు. ఇక తడి తెల్లరంగు సంగతి చెప్పాలా?

ఆ గదిలోని గాలిని బయటికి లాగేసే ఫాను నేనే బిగించాను. పోర్టులో ఎలక్ట్రీషియన్ని. రంగులో కలిపే థిన్నర్ ఆవిరికి నిప్పురవ్వ తగిలితే కొంప అంటుకుంటుందని రెగ్యులేటర్ని గది బయట గోడకి పెట్టాను. అలా ఫాను స్పీడు మా చెల్లెలు తాయారు చేతికొచ్చింది. ఫాను జోరుగా తిరిగితే ఆవిరి పోతుంది గానీ, ఎన్ని గుడ్డలు కుక్కినా రేకుల సందుల్లోంచి ఎర్రదుమ్ము లోపలికొస్తుంది. మెల్లగా తిరిగితే రంగు నున్నగా వస్తుంది, లోపలున్న మనిషికి ఊపిరాడదు. బావ ఎప్పుడూ రెండు మీదే పెట్టమనేవాడు.

ఎనభై మూడులో వానలు వెళ్ళాక అతనికి ఆయాసం పట్టుకుంది. వీధి చివరికి నడిస్తే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. మళ్ళీ ఆ ఆవిరి పీలిస్తే బతకవని పెద్దాసుపత్రి డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. వేరే పని రాదు. తాయారు ఒక్కటే మాట అంది.

"ఇకనించి ఐదే. రెండన్నావంటే గన్ను అట్టుకెల్లి నూతిలో పడేత్తాను."

"అలాగేలేయే" అన్నాడు బావ.

కొన్నాళ్ళు అలాగే సాగింది. ఒకరోజు రమణమూర్తి గారనే ఆఫీసరు, తీసుకెళ్ళిన ఫ్రిజ్ తలుపుని వెనక్కి పట్టుకొచ్చాడు. "ఇదేం రంగు తవిటయ్యా, ఆటలమ్మ పోసినట్టుంది" అన్నాడు, వీధిలో నలుగురూ వింటుండగా. తలుపు నిండా ఎర్ర చుక్కలు. అంతవరకూ బావ పనికి వంకపెట్టినవాడు లేడు. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదట.

మర్నాడు తలుపుని మళ్ళీ గీకి గదిలోకి పట్టుకెళ్ళాడు.

"ఫాను ఎంత మీదుందే?" అని లోపల్నించి అడిగాడు.

"ఐదు. తగ్గించమంటావేటి?"

"ఒద్దొద్దు. ఐదే ఉంచు."

నేను వెళ్ళేసరికి తాయారు గట్టు మీద కూర్చుని చేపలు తోముతోంది. పక్కనే గదిలో ఫాను హోరు. "ఇన్నాల్లకి బుద్దొచ్చిందన్నియ్యా. ఐదే ఉంచమన్నాడు" అంది. చాలా రోజుల తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను. చేతులు కడుక్కుని నాకు టీ పెట్టి ఇచ్చింది.

టీ తాగుతుంటే గన్ను చప్పుడు ఆగింది. పని అయిపోయిందనుకున్నాం. బావ బయటికి రాలేదు. పిలిస్తే పలకలేదు. నేను లేచి తలుపు నెట్టాను.

ఆవిరికి కళ్ళు మండిపోయాయి. బావ గుమ్మం దగ్గరే బోర్లా పడి ఉన్నాడు. ఫాను నోటికి అట్ట పెట్టి, దాని మీద గోనెసంచి కప్పి, తీగతో బిగించి కట్టేశాడు. దాని వెనక రెక్కలు ఐదు మీద వట్టినే తిరుగుతున్నాయి.

నేను అతన్ని బయటికి ఈడ్చాను. తాయారు లోపలికి ఉరికి గోనె, అట్ట పీకి పారేసింది. నేను బావ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేలోపే గదిలో వాసన పల్చబడిపోయింది. అంత మంచి ఫాను అది. ఎవడికి కావాలి?

జనం పోగయ్యారు. బావ తల్లి చిలకమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి కోడలి భుజాలు పట్టుకుంది.

"ఫాను తగ్గించీసినావేటే తల్లీ?"

"నేదత్తా. ఐదు మీదే ఉంది, సూడు. నాను ముట్టుకోనేదు."

అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే మాట చెప్పింది. ఆ హోరు భరించలేక నేను ఫాను ఆపబోతే నా చెయ్యి తోసేసింది.

"ఉండనీ అన్నియ్యా. ఇప్పుడాపితే నానే సంపీసినానంటారు."